మూసీ ఒడ్డున మొదలైన ఆట

ఆటల సినిమాలకు ఫిల్మ్‌నగర్‌లో కొదవ లేదు. భారత ఫుట్‌బాల్‌ను ఆసియా విజేతగా నిలబెట్టిన మాస్టారు మాత్రం ఇక్కడికి గంట దూరంలో, సిటీ కాలేజీ కుర్రాళ్ల జట్టులో ఆడి పైకొచ్చారు. ఆయన కథ తెలుగు తెరకు ఇంకా బాకీయే.

తెలుగు సినిమాకు కాలేజీ జట్టు అంటే ఏమిటో బాగా తెలుసు. 2004లో రాజమౌళి తీసిన ‘సై’నే చూడండి. నిన్నటిదాకా కొట్టుకున్న రెండు విద్యార్థి ముఠాలు, కాలేజీ స్థలం మీద కన్నేసిన రౌడీ ఎదురుపడగానే ఒకే జట్టుగా నిలబడి రగ్బీ ఆడతాయి. అప్పటికి మన ఊళ్లలో రగ్బీ బంతిని చేత్తో పట్టుకున్నవాళ్లు ఎంతమంది? అయినా జనానికి అర్థమైంది. కాలేజీ, గ్రౌండు, స్నేహం, పంతం తెలిసినవే కాబట్టి ఆట నియమాలు తెలియకపోయినా ఎవరికీ అడ్డం రాలేదు. అంతకు ముందు ఏడాదే ‘ఒక్కడు’ కబడ్డీని తెరకెక్కించింది. దాని కోసం చార్మినార్‌నే సెట్టుగా కట్టారు. ఆ తర్వాత ‘భీమిలి కబడ్డీ జట్టు’, ‘గోల్కొండ హైస్కూల్’, ‘జెర్సీ’ వచ్చాయి. 2025 చివర్లో వచ్చిన ‘ఛాంపియన్’లో నిజాం కాలపు ఫుట్‌బాల్ ఆటగాడు కథానాయకుడయ్యాడు, కానీ ఆ కథ నడిచింది బైరాన్‌పల్లి పోరాటం వైపు.

ఇన్ని జట్ల కథలు చెప్పుకున్నాం. ఈ నగరంలో నిజంగా పుట్టి, నిజంగా ఆడి, దేశం ఆటనే మార్చిన జట్టు ఒకటుంది. దాని పేరు ‘ఎలెవెన్ హంటర్స్’. సిటీ కాలేజీలో చదువుకుంటున్నవాళ్లూ, చదువు ముగించి వెళ్లినవాళ్లూ కలిసి కట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు అది. అందులో ఆడిన ఒక కుర్రాడి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

వరద తర్వాతి నగరం

ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట, టోలిచౌకి, మెహదీపట్నం దాటుకుని మూసీ ఒడ్డుకు చేరితే, హైకోర్టుకు దగ్గర్లో గుమ్మటాల భవనం ఒకటి కనిపిస్తుంది. హైకోర్టుకూ, ఉస్మానియా ఆస్పత్రికీ, కాచిగూడ రైల్వే స్టేషనుకూ రూపమిచ్చిన విన్సెంట్ ఎష్ చేతిలోనే ఇదీ రూపుదిద్దుకుంది. 1921లో ఇక్కడ ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. 1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఇది సిటీ కాలేజీ అయింది. తెలుగువాళ్లకు సిటీ కాలేజీ అనగానే 1952 సెప్టెంబరు గుర్తొస్తుంది. ముల్కీ ఉద్యమంలో విద్యార్థుల మీద తుపాకులు పేలిన రోజులవి. కాస్త పాతవాళ్లయితే, కొన్నేళ్ల పాటు ఇక్కడ పాఠాలు చెప్పిన కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను తలుచుకుంటారు. ఫుట్‌బాల్‌ను తలుచుకునేవాళ్లు మాత్రం అరుదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది. ఆ మరుసటి ఏడాది, 1909 ఆగస్టు 17న, రహీం పుట్టారు. ఆయన పెరిగిన హైదరాబాద్ శిథిలాల మీద కొత్తగా లేస్తున్న నగరం. నది పక్కన కొత్త భవనాలు లేచాయి, రోడ్లు వెడల్పయ్యాయి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులను ఉర్దూలో చెప్పడం మొదలుపెట్టింది. ఆ పక్కనే ఇంకో నగరం ఉంది. 1806 నుంచి బ్రిటిష్ దండు మకాం వేసిన సికింద్రాబాద్. తిరుమలగిరి, బొల్లారం బ్యారక్‌ల మైదానాల్లో తెల్ల సిపాయిలు సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడేవారు. చుట్టుపక్కల పిల్లలకు అదే ఆటబడి. సినిమా రాసేవాళ్లకు ఇంతకంటే మంచి నేపథ్యం ఎక్కడ దొరుకుతుంది? ఒక ఒడ్డున నిజాం రాజ్యం, ఇంకో కొసన తెల్లదొరల దండు, మధ్యలో బంతి వెంట పరిగెత్తే విద్యార్థులు.

ఆ రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఎలా ఉండేదో ఒకసారి కళ్లకు కట్టించుకోవాలి. బంతి ముదురు తోలుది. లోపల రబ్బరు తిత్తి, పైన తాడుతో బిగించిన కుట్టు. వానకు తడిస్తే బరువెక్కేది. ఆ కుట్టు నుదుటికి తగిలిందంటే చర్మం చీరుకుపోయేది. మన కుర్రాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతోనే ఆడేవారు. గోల్‌కీపర్ ముందు ఇద్దరు బ్యాక్‌లు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఆపైన ఐదుగురు ఫార్వర్డ్‌లు. లోకమంతా ఆడింది ఆ కూర్పే. బూట్ల దెబ్బకు ఎదురు నిలవాలంటే వట్టికాళ్లవాడికి ఉన్న దారి ఒక్కటే. బంతిని కాళ్ల దగ్గర ఎక్కువసేపు పెట్టుకోకూడదు, పక్కవాడికి అందించి ఖాళీలోకి పరిగెత్తాలి. ఈ అవసరం లోంచే హైదరాబాద్ శైలి పుట్టిందని నా నమ్మకం. రహీం చిన్న చిన్న పాస్‌ల ఆటను తర్వాత దేశానికంతటికీ నేర్పారు. ఆ అలవాటు పడిన చోటు ఈ కాలేజీ జట్లే.

ఇది మన ఒక్కరి కథే అనుకోనక్కర్లేదు. కోల్‌కతాలో ప్రెసిడెన్సీ కాలేజీ విద్యార్థులు 1880లలోనే బంతి పట్టుకున్నారు. 1911 జులై 29న మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. ఆ పదకొండుగురిలో బూట్లు వేసుకున్నది ఒక్కరే, కాలేజీలో పాఠాలు చెప్పే సుధీర్ చటర్జీ. ఆ గెలుపును బెంగాల్ పాఠ్యపుస్తకాల్లో చెప్పుకుంది, సినిమా తీసింది, ఏటా పండగ చేస్తోంది. అదే మోహన్ బగాన్‌ను తర్వాత ఢిల్లీలో ఓడించి కప్పు తెచ్చుకున్న మన సిటీ పోలీసు జట్టుకు ఈ నగరంలో అంత గుర్తింపు లేదు. నాకు బాధ కలిగించే సంగతి ఇదే.

మాస్టారు అయిన ఆటగాడు

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు, ఎలెవెన్ హంటర్స్‌కు ఆడారు, తర్వాత నగరంలో పేరున్న ఖమర్ క్లబ్‌కు ఆడారు. ఆటగాడిగా ఆయన పేరు హైదరాబాద్ దాటలేదు. డిగ్రీ చేతికొచ్చాక బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్... ఇలా ఒక బడి తర్వాత ఇంకో బడి. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. చాదర్‌ఘాట్‌లో ఆటల బాధ్యత ఆయనకే అప్పగించారు.

ఫిల్మ్‌నగర్ కథా చర్చల్లో ఈ భాగాన్ని మాంటేజ్‌లో దాటేస్తారేమోనని నా భయం. కథంతా ఉన్నది ఇక్కడే. ఆడటం వేరు, ఆడించడం వేరు. తన కాళ్లకు తెలిసినదాన్ని ఇంకొకరి కాళ్లకు ఎలా ఎక్కించాలో రహీం నేర్చుకున్నది తరగతి గదుల్లో. లెక్కల మాస్టారు పిల్లాడికి ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు చెప్పినట్టు ఆయన ఆటను ముక్కలు చేసి చెప్పేవారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాక, ఆ పద్ధతిని నగరం మొత్తానికి పరిచారు.

ఆయన పెట్టిన పోటీలు చూడండి. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి కాలికి తగిలిందంటే దాన్ని ఆడించుకుంటూ ముందుకు పోవడానికి వీల్లేదు, వెంటనే ఎవరికో అందించాలి. ఒంటి చేత్తో మ్యాచ్ గెలిపించాలని వచ్చే కుర్రాడికి ఆ పోటీ ఎంత కష్టంగా ఉండేదో ఊహించండి. బంతి రాకముందే తల తిప్పి తనవాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. మొదట్లో తడబడి బంతి పోగొట్టుకునేవాడు, రెండు వారాలకు మైదానమంతా చూడటం నేర్చుకునేవాడు. ఇంకో టోర్నమెంట్‌లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే పాసివ్వాలి, ఎడమకాలితోనే గోల్ కొట్టాలి. ఎత్తుకు పరిమితి పెట్టిన పోటీలు వేరేగా ఉండేవి. పొట్టి పిల్లలు పొడుగువాళ్ల భుజాల మధ్య నలిగిపోకుండా వాళ్లలో వాళ్లు ఆడుకుని రాటుదేలడానికి అవి. ఏ దేశం నుంచో తెచ్చిన యంత్రం లేదు, డబ్బు అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక మాస్టారి బుర్ర, చాలినన్ని ఖాళీ మైదానాలు.

ఆ పోటీల్లో ఆడిన పిల్లలే పెద్దయ్యాక సిటీ పోలీసు జట్టు తలుపు తట్టారు. బంతి బాగా ఆడేవాడికి పోలీసు ఉద్యోగం దొరికేది, జీతం నెలనెలా వచ్చేది. పేదింటి కుర్రాడికి ఆట అన్నం పెట్టిన ఏర్పాటు అది.

1950 అనే సీజన్

ఈ కథలో ఇంటర్వెల్ ఎక్కడ వేయాలని అడిగితే నేను 1950 అంటాను. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసి రెండేళ్లు. ఊళ్లలో గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అలాంటప్పుడు పోలీసు యూనిఫాం వేసుకునే కుర్రాళ్లు రహీం చేతి కిందికి వచ్చారు. ఆ ఏడాది బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచారు. 1891లో మొదలైన టోర్నమెంట్ అది. అదే సీజన్‌లో ఢిల్లీ వెళ్లారు. 1888లో సిమ్లాలో తెల్లదొరలు మొదలుపెట్టిన డ్యూరాండ్ కప్‌ను స్వాతంత్ర్యం వచ్చాక తొలిసారి ఆ ఏడాదే ఆడించారు. ఫైనల్లో ఎదురుపడింది మోహన్ బగాన్. మొదటి మ్యాచ్ డ్రా అయింది, మళ్లీ ఆడితే హైదరాబాద్ గెలిచింది.

రోవర్స్‌లో అక్కడితో ఆగలేదు. 1951, 52, 53, 54... వరుసగా ఐదేళ్లు కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. ఆ టోర్నమెంట్ చరిత్రలో మరే జట్టుకూ అది సాధ్యం కాలేదు. జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లు ఉన్నారు. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు, తెలుగువాడు, తమిళుడు, దక్కనీ మాట్లాడేవాడు ఒకే జెర్సీలో కనిపించేవారు. ఆ రోజుల హైదరాబాద్‌కు అదెంత అవసరమో మన పెద్దల్ని అడిగితే చెబుతారు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలో ఆడిన భారత్ ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. వట్టికాళ్ల కాలం అక్కడితో ముగిసి, బూట్లు తప్పనిసరయ్యాయి.

అమ్ముగూడ నుంచి సైకిల్

ఈ కథలో నాకు అందరికంటే ఎక్కువ ఇష్టమైన మనిషి తులసీదాస్ బలరామ్. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో, దండు నీడలో పుట్టిన పేదింటి కుర్రాడు. రహీం అతని ఆట చూశారు. నగరంలో జరిగే ప్రాక్టీసుకు రమ్మన్నారు. ఎలా వస్తాడు? అమ్ముగూడ ఎక్కడ, ఫతే మైదాన్ ఎక్కడ! ఇంట్లో సైకిల్ లేదు. అద్దె సైకిల్‌కు డబ్బులు రహీం తన జేబులోంచి ఇచ్చారు. పొద్దున్నే సైకిల్ అద్దెకు తీసుకుని, అంత దూరం తొక్కి, అక్కడ ఆడి, మళ్లీ అంత దూరం తొక్కుకుంటూ ఇంటికి. కొన్నాళ్లకు ఆ కుర్రాడు ఇరవై ఏళ్ల వయసులో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జెర్సీ వేసుకున్నాడు.

1956 మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డ మీద 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా, కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా మనల్ని ఓడించాయి. నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన స్థానం మనకు మళ్లీ రాలేదు. ఆ జట్టులో నూర్, అజీజ్, జుల్ఫికరుద్దీన్, బలరామ్, హైదరాబాద్‌లోనే పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్... పేర్లు చదువుతుంటే మన బస్తీల హాజరు పట్టీ చదివినట్టే ఉంటుంది. 1960 రోమ్‌లో హంగరీ మీద భారత్ కొట్టిన ఏకైక గోల్ బలరామ్‌దే.

1962 సెప్టెంబరు 4, జకార్తా. ఆసియా క్రీడల ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా. స్టేడియంలో లక్షమంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను రహీం డిఫెన్స్‌లోంచి తీసి ఫార్వర్డ్‌గా ఆడించారు. అతను గోల్ కొట్టాడు, పి.కె. బెనర్జీ ఇంకోటి కొట్టాడు. 2-1. బంగారం మనది. అప్పటికే రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. యాభై నాలుగు కూడా నిండలేదు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషుల జట్టు మళ్లీ స్వర్ణం చూడలేదు.

బొంబాయి చెప్పింది సగం

2024 ఏప్రిల్‌లో ‘మైదాన్’ వచ్చింది. అజయ్ దేవ్‌గణ్ రహీంగా నటించారు, అమిత్ శర్మ దర్శకుడు. మనసు పెట్టి తీసిన సినిమా. జకార్తా ఫైనల్ చూస్తూ నేను కుర్చీ అంచున కూర్చున్నాను. కానీ ఆ కథ 1952 ఓటమితో మొదలై 1962 గెలుపుతో ముగుస్తుంది. రహీం జీవితంలో అది చివరి పదేళ్లే. అంతకు ముందు నలభై ఏళ్లకు పైగా నడిచింది ఇక్కడే. వరద తర్వాతి నగరం, సిటీ కాలేజీ జట్టు, ఎడమకాలి టోర్నమెంట్లు, చాదర్‌ఘాట్ బడి, 1950 సీజన్, ఆ సైకిల్... ఇదంతా బొంబాయికి పట్టలేదు. పట్టాలని కోరడమూ న్యాయం కాదు. ఇది మనం చెప్పాల్సిన కథ.

రహీం బంతి తన్నుతున్న కాలంలో జూబ్లీహిల్స్ అంటే రాళ్ల గుట్టలే. 1960లలో హౌసింగ్ సొసైటీ వచ్చి, ఆ తర్వాత మద్రాసు నుంచి పరిశ్రమ తరలివచ్చి, స్టూడియోలు లేచి, ఫిల్మ్ చాంబర్ కట్టుకుని ఈ కొండలు తెలుగు కథలకు చిరునామా అయ్యాయి. ఫుట్‌బాల్‌తో వీటికి బంధుత్వం లేకపోలేదు. రామానాయుడు మనవడు రానా 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీకి సహ యజమాని అయ్యారు. 2022 మార్చి 20న ఆ జట్టు గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిస్తే నగరం ఒక రాత్రి పాత రోజుల్ని తలుచుకుంది. ఆ తర్వాత ఆర్థిక కష్టాలు, చేతులు మారడాలు. చివరికి 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. ఐదేళ్లు వరుసగా రోవర్స్ కప్ తెచ్చిన నగరం ఒక ఐఎస్ఎల్ జట్టును నిలుపుకోలేకపోయింది.

ఎందుకు పోయింది ఆ వైభవం? రహీం లేకపోవడం ఒకటి. బాగా ఆడినవాళ్లంతా కోల్‌కతా వెళ్లిపోవడం ఇంకొకటి. బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఆ తర్వాతి తరంలో నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ అదే రైలెక్కారు. 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ మన పాతబస్తీ బిడ్డే. అన్నిటికంటే పెద్ద దెబ్బ మైదానాలు పోవడం. బస్తీకో ఖాళీ జాగా ఉన్నప్పుడు రహీం టోర్నమెంట్లు పెట్టగలిగారు. ఇప్పుడు జూబ్లీహిల్స్ చుట్టుపక్కల పిల్లలు గంటకింత చెల్లించి, వల కట్టిన టర్ఫ్ మీద దీపాల వెలుగులో ఐదుగురేసి ఆడుకుంటున్నారు. ఆడుతున్నందుకు సంతోషమే. అమ్ముగూడ నుంచి అద్దె సైకిల్ మీద వచ్చే కుర్రాడికి మాత్రం ఆ వల లోపల చోటు లేదు. ఫతే మైదాన్ ఇవాళ లాల్ బహదూర్ స్టేడియం. 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగింది అక్కడే. ఈ తరంలో చాలామందికి ఆ చోటు ఆ సభతోనే గుర్తు.

సినిమా వస్తే మైదానాలు తిరిగి వస్తాయని చెప్పను. కానీ ‘జెర్సీ’ చూశాక నాన్నతో క్రికెట్ గురించి మాట్లాడిన పిల్లల్ని నేను ఎరుగుదును. సినిమా అంత దూరం వెళ్తుంది.

ఒకటే తొందర. చెప్పగలిగినవాళ్లు వెళ్లిపోతున్నారు. మెల్‌బోర్న్‌లో ఆడిన జుల్ఫికరుద్దీన్ 2019లో పోయారు. రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్న రహీం కొడుకు, అంతర్జాతీయ రెఫరీగా పేరు తెచ్చుకున్న హకీం 2021లో పోయారు. 2023 ఫిబ్రవరిలో బలరామ్, అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్. వాళ్ల తర్వాతి వరుసవాళ్లు, వాళ్లతో ఆడినవాళ్లు, వాళ్ల ఆట చూస్తూ పెరిగినవాళ్లు ఇంకా బార్కస్‌లో, బొల్లారంలో, చాదర్‌ఘాట్ గల్లీల్లో ఉన్నారు. బార్కస్‌లో ఫుట్‌బాల్ ఇప్పటికీ బతికే ఉంది. కథల కోసం కొరియా సినిమాలు వెతుకుతున్న మన రచయితలు ఒక వారం స్టోరీ సిట్టింగ్స్ ఆపి, రికార్డర్ పట్టుకుని ఆ గల్లీలకు వెళ్లాలి. చాయ్ ముందు పెట్టుకుని రహీం సాబ్ గురించి అడగాలి. మిగతాది ఆ పెద్దలే చెబుతారు.